అద్దం అవతల బిడ్డ, ఇవతల తల్లి: నూట నలభై ఏళ్ళ కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక చిన్న సంఘటనతో మొదలుపెడతాను. కొన్నేళ్ళ కిందట మా చెల్లెలికి ఎనిమిదో నెలలోనే కాన్పు అయింది. బిడ్డ బరువు కిలోన్నర లోపే. పుట్టిన కాసేపటికే ఎన్‌ఐసీయూలోకి తీసుకెళ్ళిపోయారు. చెల్లెలు ఒక వార్డులో, బిడ్డ ఇంకో అంతస్తులో. రోజుకి రెండుసార్లు, అదీ పది నిమిషాలు, అద్దంలోంచి చూడనిచ్చేవాళ్ళు. చెల్లెలు పిండిన పాలు చిన్న సీసాలో పట్టుకుని మా అమ్మ ఆ తలుపు దగ్గర నిలబడేది. ఒకరోజు ఆవిడ నన్ను అడిగింది: "బిడ్డేమో లోపల, తల్లేమో బయట. ఇదెక్కడి పద్ధతిరా? ఎవరు పెట్టారు దీన్ని?"

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత చదువుకున్నాను. ఆ జవాబే ఈరోజు మీకు చెబుతాను.

కథ ప్యారిస్‌లో మొదలవుతుంది. స్టెఫాన్ టార్నియే అని ఒక ప్రసూతి వైద్యుడు. ఆయన అక్కడి జంతు ప్రదర్శనశాలలో కోడిగుడ్లు పొదిగే పెట్టెల్ని చూశాడు. నెలలు నిండని బిడ్డల్ని కూడా ఇలా వెచ్చగా ఉంచితే బతుకుతారు కదా అనుకున్నాడు. 1880-81 ప్రాంతంలో అలాంటి పెట్టెలు ఆస్పత్రిలో పెట్టించాడు. వాటిని వేడినీళ్ళతో వెచ్చబెట్టేవారు. ఫలితం చూడండి. రెండు కిలోల లోపు బరువున్న బిడ్డల్లో అంతకుముందు నూటికి 66 మంది చనిపోయేవారు. పెట్టెలు వచ్చాక అది 38కి తగ్గింది. చప్పరించలేని బిడ్డలకి సన్నని గొట్టంతో పాలు పట్టే పద్ధతిని కూడా ఆయన ప్రచారంలోకి తెచ్చాడు.

ఇక్కడ ఒక మాట గమనించాలి. ఈ పెట్టె తల్లిని దూరం పెట్టడానికి పుట్టలేదు. టార్నియే శిష్యుడు పియర్ బుదాన్ అయితే పెట్టెకి అద్దాల గోడలు పెట్టించాడు, తల్లి తన బిడ్డని చూసుకోవాలని. తల్లులే వచ్చి పాలివ్వాలన్నాడు. మరి బిడ్డ చప్పరించలేకపోతే తల్లికి పాలు ఆగిపోతాయి కదా? దానికీ ఉపాయం చెప్పాడు. ఆ తల్లి ఈలోగా నెలలు నిండిన ఇంకో బిడ్డకి పాలివ్వాలి, అప్పుడు పాలు పడుతూనే ఉంటాయి అని. బిడ్డ సేవకి దూరమైన తల్లులు కొందరు క్రమంగా ఆ బిడ్డ మీద ఆశే వదులుకుంటున్నారని కూడా ఆయన గమనించి రాశాడు. ఇది 1900 నాటి మాట.

మరి తల్లి బయటికి ఎలా వెళ్ళింది?

మధ్యలో ఒక విచిత్రమైన ఘట్టం ఉంది. మార్టిన్ కూనీ అనే ఆయన ఈ పెట్టెల్ని, లోపల బిడ్డలతో సహా, ఎగ్జిబిషన్లలో పెట్టాడు. న్యూయార్క్ దగ్గరి కోనీ ఐలాండ్‌లో 1903 నుంచి 1943 దాకా ఈ ప్రదర్శన నడిచింది. జనం పావు డాలరు టికెట్టు కొని చూసేవాళ్ళు. ఆ డబ్బుతోనే నర్సులకీ, పాలిచ్చే దాదులకీ జీతాలు. బిడ్డల తల్లిదండ్రుల దగ్గర మాత్రం పైసా తీసుకోలేదు. ఆ బిడ్డల్లో చాలామంది బతికారు కూడా.

తర్వాత ఆస్పత్రులే ప్రత్యేక వార్డులు పెట్టుకున్నాయి. 1922లో చికాగోలో జూలియస్ హెస్ మొదలుపెట్టిన కేంద్రం అందులో పేరున్నది. అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు. ఒక బిడ్డకి అంటు తగిలితే వార్డంతా పాకేది. అందుకే రూలు పెట్టారు: బిడ్డని వీలైనంత తక్కువ ముట్టుకోవాలి, బయటివాళ్ళు రాకూడదు. ఆ "బయటివాళ్ళ" లెక్కలోకి తల్లిని కూడా చేర్చేశారు. మా అమ్మ ప్రశ్నకి జవాబు ఇదే. ఈ పద్ధతిని పెట్టింది దుర్మార్గులు కాదు. భయం పెట్టింది, ఆ రోజుల్లో ఆ భయానికి కారణమూ ఉంది. కారణం బలహీనపడ్డాక కూడా రూలు మిగిలిపోయింది.

ఎంతగా అంటే, 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి నెలలు నిండకుండా కొడుకు పుట్టాడు. ఊపిరితిత్తుల సమస్య. బిడ్డని బోస్టన్ తీసుకెళ్ళారు. ఆపరేషన్ అయిన తల్లి, పుట్టిన చోటి ఆస్పత్రిలోనే ఉండిపోయింది. 39 గంటలకి బిడ్డ చనిపోయాడు. తల్లి పక్కన లేదు. దేశాధ్యక్షుడి భార్య పరిస్థితే అది.

గోడ కదలడం ఆ తర్వాతే మొదలైంది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వైద్యులు ధైర్యం చేసి తల్లుల్ని లోపలికి రానిచ్చారు. చేతులు కడుక్కుని వచ్చి, బిడ్డని ముట్టుకోవచ్చు, సేవ చేయవచ్చు అన్నారు. అంటువ్యాధులు పెరుగుతాయేమోనని లెక్కలు కట్టి చూశారు. పెరగలేదు. 1970లో ఆ సంగతి ప్రచురించారు.

ఇంకో పెద్ద మార్పు పేదరికంలోంచి వచ్చింది. కొలంబియా రాజధాని బొగోటాలోని ఒక పెద్ద ప్రసూతి ఆస్పత్రిలో పెట్టెలు చాలక ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురు బిడ్డల్ని పడుకోబెట్టేవారు. ఒకరి నుంచి ఒకరికి అంటు. బిడ్డల్ని వదిలేసి వెళ్ళిపోయే తల్లులూ ఉండేవారు. 1978లో ఎడ్గార్ రే అనే డాక్టరు, పెట్టె లేకపోతే తల్లి గుండె ఉంది కదా అన్నట్టుగా, బిడ్డని తల్లి ఛాతీకి ఆనించి కట్టించాడు. తల్లి ఒంటి వేడే వేడి, తల్లి పాలే ఆహారం. దీన్నే మనం కంగారూ మదర్ కేర్ అంటున్నాం. దాదాపు అదే కాలంలో ఎస్టోనియాలోని టాలిన్‌లో అడిక్ లెవిన్, నర్సులు చాలక, తల్లుల్నే బిడ్డలతో ఆస్పత్రిలో ఉండమన్నాడు.

మన దేశానికి వద్దాం. 1989లో ముంబైలోని సయన్ ఆస్పత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ ఆసియాలోనే మొదటి తల్లిపాల బ్యాంకు పెట్టారు. మన హైదరాబాదులో నిలోఫర్ ఆస్పత్రిలో 'ధాత్రి' పేరుతో అలాంటి బ్యాంకు ఉంది. 2017లో కేంద్ర ఆరోగ్య శాఖ, బిడ్డ సంరక్షణలో కుటుంబం కూడా భాగం కావాలంటూ మార్గదర్శకాలు ఇచ్చింది.

అసలు రుజువు 2021లో వచ్చింది. ఇండియా, ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా, ఈ అయిదు దేశాల ఆస్పత్రుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం చేసింది. మన దేశం నుంచి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి. కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలు. బిడ్డ కాస్త కుదుటపడేదాకా ఆగకుండా, పుట్టగానే తల్లి ఛాతీ మీద పెట్టారు. తల్లి మంచం కూడా ఐసీయూ లోపలే వేశారు. పాత పద్ధతిలో నూటికి 15.7 మంది చనిపోతే, ఇందులో 12 మంది. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే అధ్యయనాన్ని ముందే ఆపేశారు, మిగతా బిడ్డల్ని దూరంగా ఉంచడం న్యాయం కాదని.

అంటే ఏమిటన్నమాట? తల్లి ఆ గదిలోకి వచ్చే చుట్టం కాదు, వైద్యంలో భాగం.

ఇప్పుడు ఎవరైనా ఆ అద్దం బయట కూర్చుని ఇది వింటుంటే, రెండు మాటలు. సుమారు 34 వారాలు వచ్చేదాకా చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ బిడ్డకి ఒకేసారి కుదరవు. గొట్టంతోనో ఉగ్గుగిన్నెతోనో పట్టడం తల్లి లోపం కాదు. మొదట్లో నాలుగు చుక్కలే వచ్చినా ఆ ముర్రుపాలు పారబోయకండి. రోజుకి ఎనిమిదిసార్లయినా పిండితేనే పాలు నిలుస్తాయి. ఇక రెండోది, డాక్టర్ని అడగండి: "నేను లోపలికి ఎప్పుడు రావచ్చు? బిడ్డని గుండెకి ఎప్పుడు హత్తుకోవచ్చు?" కొన్నిసార్లు "ఇంకా ఆగండి" అంటారు, దానికి కారణం ఉండొచ్చు. ఆ కారణం ఏమిటో అడిగే హక్కు మాత్రం మీకుంది.

మా చెల్లెలు కూతురు ఇప్పుడు బడికి వెళుతోంది. పన్నెండో రోజున ఒక నర్సమ్మ జాలిపడి, చేతులు కడిగించి, చెల్లెల్ని లోపలికి పిలిచింది. ఆ సాయంత్రం మొదటిసారి సీసా నిండా పాలు వచ్చాయి. మా అమ్మ ఆ సీసాని రెండు చేతులతో పట్టుకుని మెట్లు ఎక్కడం నాకు ఇంకా గుర్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. సెలవు.