కంభము చెఱువు – గజపతి కుమారి

క్రీ.శ. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర సందర్భమున సింహాచలము వచ్చి, స్వామివారికి 991 ముత్యముల హారమును సమర్పించినట్లు అచటి శాసనము చెప్పుచున్నది. దేవేరులు చిన్నాదేవి, తిరుమలదేవి చెఱియొక పతకము నొసగిరి. రాయలు పొట్నూరున జయస్తంభమును నాటించెను. సింహాద్రి పేరు మన పరవాడ వారికి క్రొత్తది కాదు. మన ప్రక్కనున్న విద్యుత్కేంద్రమునకును ఆ పేరే పెట్టిరి. కావున ఇంతవరకు పాఠకులలో పలువురు ఎఱిగినదే. ఆ యుద్ధము ముగిసిన తీరు మాత్రము అంతగా తెలియదు.

1519 ప్రాంతమున ప్రతాపరుద్ర గజపతి సంధికి ఒడంబడెను. కృష్ణానదికి ఉత్తరమునగల సీమలను రాయలు తిరిగి యిచ్చివేసెను. గజపతి తన కుమార్తెను రాయలకిచ్చి వివాహము చేసెను. అనగా మన యీ ప్రాంతము మరల గజపతి యేలుబడిలోనికి వచ్చిన ఒడంబడికలోనే ఆ కన్యయు చేరియున్నది. లెక్కలు వ్రాయుట వృత్తిగాగల నాకు ఈ సంగతి చదివినప్పుడెల్ల మనసు చివుక్కుమనును. జమ వైపున మన భూములు, ఖర్చు వైపున ఒక ఆడుబిడ్డ.

ఆమె పేరును గూర్చియే ఏకాభిప్రాయము లేదు. జగన్మోహిని యని కొందఱు, తుక్కాదేవి యని కొందఱు, అన్నపూర్ణ యని మఱికొందఱు వ్రాసిరి. రాయలు ఆమెను ఆదరింపలేదనియు, ఆమె నల్లమల చెంత కంభమున ఏకాంతముగ బ్రదికెననియు ఐతిహ్యము. గజపతి రాయలను దాసీపుత్రుడని నిందించెననియు, ఆ రోషము కూతునిపై పడెననియు ఒక కథ. తుక్కా పంచకమను అయిదు సంస్కృత శ్లోకములు ఆమె రచనలుగా ప్రసిద్ధికెక్కినవి. వనమంతయు తిరిగిన తుమ్మెద సంపెంగను మాత్రము మూచూడకపోయెననునది అందలి ఒక భావము. ఆ శ్లోకములు నిజముగ ఆమెవేనా యన్నచో, నేను ఘంటాపథముగ చెప్పజాలను. కాని అంత నిగ్రహముతో దుఃఖమును చెప్పిన పద్యము, ఎవరు వ్రాసినను, పెంపుడు మాటలది కాదు.

ఆ కథ పట్టుకొనియే నేను కంభము పోతిని. గుంటూరు–గుంతకల్లు రైలుమార్గమున కంభము స్టేషనులో దిగి, ఊరికి కొంత దూరమున ఉన్న చెఱువు చేరవలెను. చెఱువన్న మాట విని మన పెద్ద చెఱువును ఊహించుకొని పోయినవాడు అచట నిలువున ఆగిపోవును. గుండ్లకమ్మ యేఱు రెండు కొండల నడుమ సన్నని కనుమగుండ పాఱుచుండగా, ఆ కనుమకే అడ్డముగ మట్టికట్ట వేసిరి. కొండలే కట్టకు భుజములు. బ్రిటిషు కాలపు గెజిటీరు ప్రకారము కట్ట యెత్తు 57 అడుగులు. నీరు వచ్చి చేరు పరీవాహము 430 చదరపు మైళ్ళు. చెఱువు విస్తీర్ణము సుమారు 15 చదరపు మైళ్ళు. సాగు 10,300 ఎకరములు. వేసిన మట్టికిని నిలిచిన నీటికిని గల యీ తారతమ్యమే నన్ను అబ్బురపఱచినది. తగిన చోటు వెదకుటలోనే వారి నేర్పంతయు ఉన్నది. కూలి తక్కువ, ఫలము మెండు. వానలు తక్కువైన సీమ యగుటచే కఱవు వచ్చిన యేండ్ల చెఱువు అడుగంటుట కద్దు. నేను పోయిన యేట నీరున్నది.

2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము వారు దీనిని ప్రపంచ వారసత్వ సేద్యపు కట్టడముగా గుర్తించిరి. మంచిదే. కాని అచటి వారికి ఆ ప్రశంసాపత్రముకంటె కట్టించినదెవరన్నది ముఖ్యము. కట్టపై గొఱ్ఱెలు తోలుచున్న ఒక ముసలాయనను తుక్కాదేవి సంగతి అడిగితిని. "ఆమెవరో మాకు తెలీదు సామీ. ఈ చెరువు వరదరాజమ్మ కట్టించింది" అనెను. గజపతి కుమారినే వరదరాజమ్మ యందురని కొందఱి మాట. నేనది చెప్పబోగా ఆయన నవ్వి, "మొగుడు చూసినా చూడకున్నా, నీళ్ళు మాత్రం మాకిచ్చింది" అని గొఱ్ఱెలను అదలించుకొనుచు తూము వైపు దిగిపోయెను.