దాణా ముట్టని గుర్రం

గుర్రం దాణా వదిలేసి, తల వేలాడేసుకుని నిలబడితే సోమరితనం అనుకోకూడదు. గుర్రాల, ఖచ్చర్ల లైన్లలో పనిచేసిన రోజుల్లో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. దీని వెనక పెద్ద చరిత్రే ఉంది.

1880లో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాలు, ఒంటెలు ఒక జబ్బుతో చచ్చిపోయేవి. జ్వరం వచ్చిపోతుండేది. నీరసం, రక్తం తగ్గిపోయి ఎముకల గూడు కావడం. స్థానికులు దాన్ని 'సుర్రా' అనేవారు. సైనిక పశువైద్యుడు గ్రిఫిత్ ఇవాన్స్ వాటి రక్తాన్ని సూక్ష్మదర్శినిలో చూసి, అందులో కదిలే సూక్ష్మజీవే కారణమన్నారు. అప్పటి పెద్దలు నమ్మలేదు. చివరికి ఆయన మాటే నిలిచింది. ఆ జీవికి ట్రిపనోసోమా ఇవాన్సీ అని ఆయన పేరే పెట్టారు. దాన్ని జోరీగలు అంటిస్తాయి.

మన దేశంలో ఆర్మీ వెటర్నరీ కోర్ 1920 డిసెంబరు 14న ఏర్పడింది. మా లైన్లలో పద్ధతి ఒక్కటే: జబ్బు జంతువుని వేరుగా కట్టాలి, బరువు వేయకూడదు, పొద్దున సాయంత్రం టెంపరేచర్ చూడాలి, ఎదుట మంచినీళ్లు ఉంచాలి, జ్వరం ఉండగానే రక్తపరీక్షకి డాక్టరుగారిని పిలవాలి.

1999 కార్గిల్ కొండల్లోనూ ఖచ్చర్లు మన సరుకు మోశాయి. అది నోరులేని జీవి. తోబ్రాలో మిగిలిన దాణాయే అది మనకిచ్చే సిక్ రిపోర్టు.