శంషాబాదు ప్రాంతమున భూమిలెక్కల చరిత్రము



దేశాభివృద్ధికి సమాచార సాంకేతికశాస్త్ర మెట్లు తోడ్పడుచున్నదని యడిగినచో, జనులు సాధారణముగా మాధాపురములోని గాజుమేడలను జూపుదురు. 1998 నవంబరు 22వ తేదీని వాజపేయిగారు సైబర్ టవర్సును ప్రారంభించిరి. నాటినుండి మన బిడ్డలెందఱో యా ప్రాంతమున నుద్యోగములు సంపాదించిరి. సంతోషమే. కాని శంషాబాదు చుట్టుపట్ల నున్న మనవారిలో ననేకులు సేద్యము నమ్ముకొన్నవారు. వారికి కంప్యూటరు ఉద్యోగరూపమున గాక పహాణీరూపమున నెదురయినది. ఆ చరిత్రమునే యిచట విన్నవింపదలచితిమి.

నైజాము కాలమున గ్రామభూములను గుఱించిన సమాచారమంతయు పట్వారీ దస్త్రములో నుండెడిది. పట్టాదారెవరు, సాగుచేయువారెవరు, శిస్తెంత యనునది యాతడు వ్రాసినదే వ్రాత. రైతునకు చదువు రాదు. వచ్చినను ఆ లెక్కలు ఉర్దూలో నుండెడివి. నకలు కావలసినవాడు పట్వారీ యింటిచుట్టు తిరుగవలసినదే. 1949లో జాగీర్లు రద్దయినవి. 1954–55లో కాస్రా పహాణీ తయారయ్యెను. నేటికిని భూవివాదములలో దానిని వెదకుచునే యున్నారు. 1984 జనవరిలో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము వంశపారంపర్య గ్రామాధికారములను తొలగించినది. పట్వారీ పోయెను గాని దస్త్రము మిగిలెను.

1998 నవంబరులోనే రిజిస్ట్రేషను కార్యాలయములలో కంప్యూటర్లు ప్రవేశించినవి. అంతకుముందు ఈసీ కొఱకు గుమాస్తాలు సంపుటములు తిరుగవేయుచు దినములు గడపెడివారు. అది నిమిషముల పనియయ్యెను. పొరుగున కర్ణాటకములో 2001 నాటికి 'భూమి' యను పేర సుమారు రెండుకోట్ల భూలెక్కలను యంత్రమున కెక్కించిరి. బీదదేశములలో రైతునకు అప్పు పుట్టవలెనన్నను, వారసునకు వాటా దక్కవలెనన్నను ఈ కాగితమే యాధారము గనుక, మా దృష్టిలో నిది గాజుమేడలకంటె పెద్దపని.

ఇంతలో విమానాశ్రయము వచ్చినది. 2005 మార్చిలో శంకుస్థాపన జరిగెను. 2008 మార్చి 23వ తేదీనుండి విమానముల రాకపోకలు మొదలయ్యెను. సుమారు 5,500 ఎకరములు దాని క్రిందికి బోయినవి. మిగిలిన మెట్టచేలకు బంగారుధర పలికెను. పహాణీలో నొక పంక్తి తప్పిన నెవరికిని పట్టని కాలము పోయి, ఒక్క యక్షరముపై సర్వస్వ మాధారపడు కాలము వచ్చినది.

2017లో లెక్కల ప్రక్షాళనము జరిగినప్పుడు పహాణీనుండి అనుభవదారు గడిని తీసివేసిరి. 2020 అక్టోబరు 29వ తేదీని చంద్రశేఖర రావుగారు మూడుచింతలపల్లిలో ధరణిని ప్రారంభించిరి. తహశీలుదారు కచేరీలోనే రిజిస్ట్రేషనును పేరుమార్పును ఏకకాలమున జరుగుట నిజముగా గొప్పసౌకర్యము. దానిని కాదనుట న్యాయముకాదు. అయితే పాతదస్త్రములోని తప్పులుకూడ యంత్రములోని కెక్కినవి. పొరపాటున నిషేధిత జాబితాలో జేరిన పట్టాభూమిని సరిచేయు నధికారము తహశీలుదారునకు లేకపోయెను. పెక్కు సందర్భములలో సివిలుకోర్టే దిక్కయ్యెను. పట్వారీతో వాదులాడవచ్చును, తెరతో నెవరు వాదింతురు?

మా బంధువర్గములోని యొక పెదనాన్నగారి రెండెకరములకు ఇట్లే జరిగినది. ఆయన మనుమడు మాధాపురములో కూర్చుండి అమెరికాబ్యాంకుల లెక్కలకు ప్రోగ్రాములు వ్రాయును. తాతగారి లెక్కలో నొక గడిని మార్పించుట యాతనికి సాధ్యముకాలేదు. ఇది యాతని యసమర్థత కాదు. తప్పు దిద్దు ద్వారమునే చట్టములో నుంచలేదు.

2025 ఏప్రిలు 14వ తేదీని ధరణి స్థానమున భూభారతి వచ్చినది. క్రొత్తచట్టమున అప్పీలుకు చోటు కల్పించిరి. భూమిపటమును జతపఱచు నియమమును బెట్టిరి. మా పెదనాన్నగారును దరఖాస్తు పెట్టుకొనిరి. దానితో దాఖలు చేయుటకు ఇంటిలోని ఇనుపపెట్టె తెఱచి, ముడుతలు పడిన 1954–55 నాటి కాస్రా పహాణీ నకలును వెలికిదీసిరి.