కదలెడి ముద్రలు



పూర్వము మన గ్రామములలో కల్లమునందు ధాన్యము రాశిపోసిన పిమ్మట, కొలత జరుగువరకు దానిపై మట్టిముద్ర వేసియుంచెడి ఆచారముండెను. ముద్ర చెదరినచో రాశిని ఎవరో ముట్టిరని తేటపడెడిది. అక్షరము లెరుగనివానికిని ఆ ముద్ర యర్థము తెలియును. నేడు వర్తకసంస్థలు తమ సరకుపై వేసికొను గుర్తు, లోగో యని వ్యవహరింపబడునది, ఆ మట్టిముద్ర సంతతిలోనిదే. అయితే గడచిన నూరేండ్లలో దానికొక క్రొత్త శక్తి యబ్బినది. అది కదల నేర్చినది. ఆ కదలిక చరిత్రను కొంత విన్నవించి, నూజివీడు ప్రాంతమున మామిడితోటలు నమ్ముకొనినవారికి దానితో గల సంబంధమును తెలుపుదును.

కదలెడి గుర్తు యొక్క బలము మన పెద్ద లెరుగనిది కాదు. ఆలయములో మూలవిరాట్టు స్థిరముగా నుండును. ఉత్సవమూర్తి వీధులకు వచ్చును. గుడికి రాలేనివారు సైతము ఉత్సవమూర్తిని చూచి చేతులు మోడ్తురు. తోలుబొమ్మలాటలో తెరపై మొదట విఘ్నేశ్వరుని బొమ్మ కదలినంతనే, ఆట మొదలైనదని దూరమున నున్నవారును గ్రహించి వచ్చి కూర్చుందురు. నిలిచిన గుర్తు చూచువానికొరకు వేచియుండును. కదలెడి గుర్తు వాని కంటిని తానే పిలుచును.

ఈ సూక్ష్మమును వ్యాపారమునకు విరివిగా వినియోగించినవారు సినిమా నిర్మాతలు. ఫిల్ముపై ఒకదానికంటె నొకటి కొంచెము భేదించు బొమ్మలను సెకనుకు 24 చొప్పున చూపినచో, కన్ను వానిని విడదీయజాలక ఒకే కదలికగా గ్రహించును. అమెరికాలో మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థ 1924లో సింహమును తన గుర్తుగా తెరపై నిలిపెను. అవి మూకీచిత్రముల దినములు గనుక ఆ సింహము తల త్రిప్పెనే కాని దాని గర్జన వినబడలేదు. 1928లో గ్రామఫోను పలక సాయమున గర్జనయు చేరినది.

మన దక్షిణదేశమున వాసన్‌గారు 1940లో మదరాసునందు జెమినీ స్టూడియోను స్థాపించిరి. ‘బాలనాగమ్మ’ (1942) తీసిన సంస్థ యిదియే. జెమినీ యనగా మిథునరాశి. తెరపై బాకా లూదెడి ఇరువురు కవల బాలురు ఆ సంస్థకు గుర్తయిరి. పిమ్మట నాగిరెడ్డి, చక్రపాణిగార్ల విజయా సంస్థ ‘షావుకారు’ (1950), ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజారు’ (1957) చిత్రములను నిర్మించినది. హనుమంతుడు గల పతాకము ఎగురుచుండుట వారి గుర్తు. విజయుడనగా అర్జునుడు, అతని రథముపై నున్నది కపిధ్వజము. భారతము విన్న ప్రతివానికిని, వివరింపకయే, సంస్థ పేరు ఆ జెండాలో కనబడెను. చిత్రము లొకదానివెంట నొకటి బాగుండుటచే జెండాకు గౌరవము పెరిగినది. జెండాకు గౌరవముండుటచే రాబోవు చిత్రముపై జనులకు నమ్మకము కుదిరినది.

చెవికిని ఇట్టి ముద్ర కలదు. బొహీమియా ప్రాంతమునుండి బొంబాయి చేరిన వాల్టర్ కౌఫ్‌మన్ 1930 దశకమున కూర్చిన రాగఖండము ఆకాశవాణికి గుర్తయినది. పలుకు వినకమునుపే, ఇది రేడియో యని శ్రోతలు గుర్తించిరి. బ్రిటనులో బి.బి.సి. టెలివిజన్ 1953 డిసెంబరు 2వ తేదీన అబ్రామ్ గేమ్స్ రూపకల్పన చేసిన కదలెడి గుర్తును ప్రసారము చేసెను. దానికై ఇత్తడితో ఒక యంత్రమునే నిర్మింపవలసివచ్చినది. మన దేశమున 1976 ఏప్రిల్ 1వ తేదీన దూరదర్శన్ ఆకాశవాణి నుండి వేరుపడినది. అహమ్మదాబాదులోని జాతీయ రూపకల్పన సంస్థయందు దాని చిహ్నము రూపొందినది. వంపు రేఖలు తిరుగుచు వచ్చి కన్నువంటి ఆకృతిగా నిలుచుట, దానితో రవిశంకర్‌గారి బాణీ మ్రోగుట, ఆ తరమువా రెవరును మరువలేదు.

అంతవరకు కదలెడి ముద్ర ధనవంతుల సొత్తు. కంప్యూటరు వచ్చినపిమ్మట ఆ ఖర్చు తరిగిపోయినది. 1987లో ‘గిఫ్’ అను బొమ్మల పద్ధతి వెలువడినది. అనేక చిత్రములను ఒకే పొత్తములో నిమిడ్చి వరుసగా చూపుటకు అది మార్గమేర్పరచినది. నేడు చేతిఫోనుగల యువకుడు ఒక పూటలో కదలెడి గుర్తును తయారుచేయగలడు.

ఇక మన విషయము. నూజివీడు 2022 ఏప్రిల్ నుండి ఏలూరు జిల్లాలో నున్నది. ఇచ్చటి చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి పండ్ల పేరు దూరదేశములకు సైతము తెలియును. విజయవాడ చెంత నున్న నున్న గ్రామపు మార్కెట్టులో లారీల కెక్కినపిమ్మట, ఏ తోట పండో కొనువానికి తెలియు మార్గము లేదు. ముద్ర లేని పండు మంచిదైనను కీర్తి పెంచినవానికి రాదు. బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక సూచిక లభించినది. పుట్టినచోటి పేరునకు చట్టము వేసిన ముద్ర యది. దానికి తోడు రైతులు కలసి తమకొక గుర్తును కల్పించుకొని, ఫోను తెరపై దానిని కదలించి చూపుట నేడు సాధ్యమే. కాని కాల్షియం కార్బైడుతో కాయలు మాగవేయుట 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలచే నిషేధింపబడినది. అట్లు మాగిన కాయపై ముద్ర వేసినచో, మంచిపేరు వ్యాపించినంత శీఘ్రముగా చెడ్డపేరును వ్యాపించును.

మరియొక హెచ్చరిక. 2016లో యూపీఐ చెల్లింపులు వచ్చిననాటినుండి, సొమ్ము చేరినదనుటకు ఫోనుపై ఒక టిక్కు గుర్తు కదలి, రంగు వెలిగి, నిలుచుచున్నది. తోటవద్ద పండ్లు తూచి యిచ్చినవాడు కొనువాని ఫోనులో ఆ గుర్తును చూచి తృప్తి చెందుట వాడుకయైనది. మోసగాండ్రు అచ్చముగా అట్టి గుర్తునే చూపెడి దొంగ యాపులను వాడుచున్నారు. కల్లములోని ముద్ర చెక్క కాపలావాని చేతిలో నుండెడిది. ఫోనులోని ముద్ర ఎవరైనను వేయగలిగినది. కావున ఇతరుని తెరపై కదలినదానిని సొమ్ముగా నెంచరాదు. తన ఖాతాలో నిలువ పెరిగినదని తానే చూచుకొని, లేదా ఇంట చదువుకొన్న పిల్లలచే చూపించుకొని, ఆ పిమ్మటనే పండ్లగంపను కదలనీయవలెను.

సింహము మొదలు టిక్కు గుర్తువరకు ఈ చరిత్ర యంతయు ఒకే విషయమును తెలుపుచున్నది. కదలిక కంటిని ఆకర్షించును. నమ్మకమును మాత్రము సరకే సంపాదింపవలెను. గ్రామపెద్దలు ఈ భేదమును యువకులకు బోధించి, వారి నేర్పును తోటలకు ఉపయోగపరచుకొందురుగాక.