ఆంధ్రతీర చరిత్రమున ఇసుక: కోరంగి రేవు, కాకినాడ అఖాతము

రేవుల ఉత్థానపతనములను వివరించునపుడు చరిత్రకారులు సాధారణముగ రాజుల యుద్ధములను, వర్తకసంఘముల పోటీలను, తుపానులను పేర్కొందురు. ఆంధ్రతీరమున వీనితోపాటు లెక్కింపవలసిన శక్తి మరొకటి కలదు. అది నదులు తెచ్చు ఒండు, దానిని అలలు తీరము వెంబడి నడిపించు తీరు. కోరంగి, కాకినాడ రేవుల చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనము.

బెంగళూరునకు ఉత్తరమున నందికొండల ప్రాంతమున పుట్టిన పెన్న, నెల్లూరు సీమను దాటి సముద్రమున కలియునపుడు, పీఠభూమి మన్నును గూడ అచటికి చేర్చుచున్నది. త్ర్యంబకము కడ పుట్టిన గోదావరి ఇదే పనిని అనేక రెట్లు అధికముగ చేయుచున్నది. నదీముఖమున ప్రవాహవేగము తగ్గగనే ఇసుక అడుగున దిగును. నైరృతి ఋతుపవన కాలమున అలలు తీరమును ఏటవాలుగ తాకి, ఆ ఇసుకను ఈశాన్యదిశకు త్రోయును. ఈశాన్య ఋతుపవనములు కొంత వెనుకకు మరల్చినను, సంవత్సరము మొత్తముమీద ఉత్తరపు నడకయే అధికము. తీరము లోపలికి వంగినచోట ఇసుక ఆ వంపును అనుసరింపక, తిన్నగ సాగి, నీటిలో నాలుకవలె పెరుగును. తీరమునకు సమాంతరముగ లేచిన ఇసుకగట్టు వెనుక ఉప్పునీటి సరస్సు మిగులును. శ్రీహరికోట వెనుకనున్న పులికాటు అట్టిదే. కృష్ణా గోదావరుల డెల్టాలు సముద్రములోనికి పెరుగగా నడుమ మిగిలిన పల్లమే కొల్లేరు. గోదావరి డెల్టాలో సముద్రమునకు దూరముగ కానవచ్చు ఇసుకమెరకల వరుసలు పూర్వపు తీరరేఖల గుర్తులు.

గోదావరి ముఖమునొద్ద కోరంగి 18వ శతాబ్దమున ప్రసిద్ధమైన రేవు. ఓడల నిర్మాణమునకును, మరమ్మతునకును అది పేరుపొందినది. ఆ చుట్టుపట్ల ఇంజరమున ఆంగ్లేయులు, యానామున ఫ్రెంచివారు, జగన్నాథపురమున డచ్చివారు వర్తకస్థానములు నెలకొల్పిరి. బర్మాకు వలసపోయిన తెలుగువారికి అచట 'కోరంగీలు' అను పేరు ఈ రేవువలననే కలిగినది.

1789 డిసెంబరులోను, 1839 నవంబరులోను వచ్చిన ఉప్పెనలు కోరంగిని ముంచివేసినవి. ఆ పట్టణము క్షీణించుటకు ఇవియే కారణమని చెప్పుట వాడుక. కాని మొదటి ఉప్పెన తరువాతను కోరంగిలో ఓడలపని సాగుచునే యుండెను. ఉప్పెన ఊరిని ముంచగలదు. రేవును శాశ్వతముగ మూసినది మాత్రము ఒండు. నదీముఖము మేటవేసి పెద్ద ఓడలు లోనికి రాలేకపోగా, వర్తకము 19వ శతాబ్దమున కాకినాడకు తరలిపోయినది.

కాకినాడకు ఆశ్రయమిచ్చినదియు గోదావరి ఇసుకయే. నదీముఖమునుండి ఉత్తరముగ సుమారు 16 కిలోమీటర్లు సాగిన ఇసుక నాలుక ప్రధానముగ గత రెండు శతాబ్దములలో ఏర్పడినది. దీనినే హోప్ దీవి అందురు. ఇది బంగాళాఖాతపు అలలకు అడ్డుగ నిలుచుటచే లోపలి అఖాతము శాంతముగ నుండును. ఓడలు దూరమున లంగరు వేయగా నావలు సరకును ఒడ్డునకు చేర్చెడివి. ఆ మరుగున నిలిచిన బురదలో మడ అడవులు పెరిగినవి. 1978లో అచట కోరంగి అభయారణ్యము ఏర్పడినది. అయినను అఖాతమునకు మేట తప్పలేదు.

19వ శతాబ్దపు చిక్కు ఒండు అధికమగుట. నేటి చిక్కు ఒండు తగ్గుట. 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట పిదప, 20వ శతాబ్దమున గోదావరిపైనను, దాని ఉపనదులపైనను పెక్కు జలాశయములు వెలసినవి. 1970 దశకమున ఏటా సగటున సుమారు 15 కోట్ల టన్నులుగ నుండిన గోదావరి ఒండు, 1990–98 మధ్య 6 కోట్ల టన్నులకు లోపునకు దిగినది. కాకినాడకు ఉత్తరమునున్న ఉప్పాడలో సముద్రము ఇండ్లను, తీరపు రహదారిని కోసివేయుచున్నది. ఉత్తరమునకు సాగవలసిన ఇసుకను హోప్ దీవియు, అఖాతమును పట్టి నిలుపుటయు ఈ కోతకు ఒక కారణముగ చెప్పబడుచున్నది.

జలాశయములు పొలములకు నీరిచ్చినవి. వాని మేలును కాదనుటకు వీలులేదు. కాని ఇసుక రాక మితిమీరి ఒక రేవు మూతపడిన తీరముననే, నేడు ఇసుక చాలక ఒక గ్రామము కరగిపోవుచున్నది. తీరరక్షణకై రాతిగోడలు తలపెట్టువారు, ఎగువ జలాశయములలో నిలిచిపోయిన ఒండునుగూడ లెక్కలోనికి తీసికొనుట అవసరము. తీరరేఖ స్థిరమైన పొలిమేర కాదనియు, నదియు సముద్రమును నిత్యము దిద్దుచుండు రేఖయనియు కోరంగి చరిత్ర తెలుపుచున్నది.