వంశావళి పరిశోధన: వీపనగండ్ల, పాలమూరు ప్రాంతం

ఒక కుటుంబం ఎక్కడి నుంచి వచ్చింది, అందులో ఎవరికి ఎవరు ఏమవుతారు అన్నది పెద్దల మాటతో, పాత కాగితాలతో, డీఎన్‌ఏ పరీక్షతో తేల్చుకునే పనిని వంశావళి పరిశోధన అంటారు. ఈ పనిలోని మెళకువలు ఉచిత ఆన్‌లైన్ కోర్సుల ద్వారా ఇప్పుడు ఎవరైనా నేర్చుకోవచ్చు. అయితే ఆ కోర్సులు ఎక్కువగా చర్చి రిజిస్టర్లు, ఇంటింటి జనగణన పత్రాలు దొరికే దేశాలవారి కోసం తయారైనవి. వనపర్తి జిల్లా వీపనగండ్ల లాంటి చోట ఆధారాలు వేరే రూపాల్లో ఉంటాయి. కొన్ని డక్కలి కథకుడి పాటలో, కొన్ని పహాణీ అనే భూమి రికార్డులో, కొన్ని పెత్రమాస (పితృ అమావాస్య) నాడు తలుచుకునే పేర్లలో దొరుకుతాయి. కోర్సులో నేర్చిన పద్ధతిని ఈ ఆధారాలకు అన్వయించుకోవడమే ఇక్కడి పరిశోధకుడి అసలు పని.

ప్రాంతం, పరిపాలన మార్పులు

వీపనగండ్ల కృష్ణా నదికి ఉత్తరాన ఉన్న మండల కేంద్రం. కొల్లాపూర్ శాసనసభ నియోజకవర్గంలో భాగం. 2016 అక్టోబరు 11 వరకు, పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఆ రోజున వనపర్తి, జోగులాంబ గద్వాల, నాగర్‌కర్నూల్ కొత్త జిల్లాలయ్యాయి. అప్పుడే చిన్నంబావి విడి మండలమైంది. నిజాం పాలనలో ఈ చుట్టుపక్కల ఊళ్లు కొన్ని వనపర్తి, గద్వాల, జటప్రోలు సంస్థానాల కింద, కొన్ని నేరుగా సర్కారు కింద ఉండేవి. అందువల్ల ఒకే ఇంట్లో పుట్టిన తాత, తండ్రి, మనవడి కాగితాల్లో మూడు వేర్వేరు చిరునామాలు కనిపించవచ్చు. ఇల్లు మారలేదు, పాలన మారింది. ఈ సంగతి తెలియకపోతే ఒకే మనిషిని ఇద్దరనుకునే ప్రమాదం ఉంది.

శ్రీశైలం జలాశయం ఇంకో పెద్ద తెంపు. 1981లో అందులో మునిగే కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని నదీతీర గ్రామాలను ఖాళీ చేయించారు. కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. గుడిని తరలించగలిగారు గాని, ఊరి పొత్తును తరలించలేకపోయారు. ఒకే వాడకట్టువాళ్లు తలా ఒక ఊరికి చేరారు. ఈ ప్రాంతపు పెద్దలు ‘మునకకు ముందు’, ‘మునక తర్వాత’ అని కాలాన్ని లెక్కగట్టడానికి కారణం ఇదే.

నోటి ఆధారాలు

సంస్థానాధీశుల వంశ చరిత్ర కావ్యాల అవతారికల్లో ఉంటుంది. కృతి అందుకున్న ప్రభువు తాతముత్తాతలను వర్ణించడం కవులకు ఆనవాయితీ. సామాన్యుల వంశ చరిత్రను మోసినవారు ఆశ్రిత కులాల కళాకారులు. మాదిగలకు డక్కలివారు, చిందువారు, పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందహెచ్చులవారు, విశ్వబ్రాహ్మణులకు రుంజలవారు, రెడ్లకు పిచ్చుకగుంట్లవారు ఇలా కథకులుగా ఉన్నారు. వీరు తమకు హక్కున్న ఊళ్లకు వంతులవారీగా వచ్చి, కుల పురాణం చెప్పి, గోత్రాలు, ఇంటిపేర్లు వల్లించి ‘త్యాగం’ అందుకునేవారు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన డక్కలి కళాకారుడు, పన్నెండు మెట్ల కిన్నెర వాద్యకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆ గౌరవం ఒక వాద్యానికి దక్కినట్టే, కులం జ్ఞాపకాన్ని తరతరాలుగా కాపాడిన వృత్తికీ దక్కింది.

ఇళ్లలోనూ జ్ఞాపకానికి వేళలున్నాయి. పెత్రమాస నాడు పెద్దల పేరిట బియ్యం ఇచ్చేటప్పుడు చనిపోయినవారి పేర్లు పలుకుతారు. అవి మామూలుగా రెండు మూడు తరాల దాకా వెళతాయి. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల ఒకే పేరు తరం విడిచి తరం తిరిగి వస్తుంది. కాబట్టి పేరు పక్కన ఇంకో గుర్తు తప్పనిసరిగా రాసుకోవాలి. “మీ అవ్వ తల్లిగారిల్లు ఏ ఊరు?” అన్న ఒక్క ప్రశ్న చాలా తలుపులు తెరుస్తుంది. తొలి కాన్పు తల్లిగారింట్లో జరిగే ఆచారం వల్ల పెద్ద కొడుకు, పెద్ద బిడ్డ పుట్టిన ఊరు తరచు తండ్రి ఊరు కాదు. పుట్టిన తేదీ తెలియనివారిని హైదరాబాద్ మీద జరిగిన పోలీసు చర్యకు ముందా తర్వాతా అని అడిగితే 1948 సెప్టెంబరుకు ఇటో అటో తేలుతుంది. డెబ్బై రెండు కరువు, మునక కూడా ఇలాంటి గుర్తులే.

కాగితపు ఆధారాలు

పల్లె కుటుంబానికి మొదటి కాగితం భూమిదే. నిజాం కాలపు సర్వే తర్వాత తయారైన సేత్వారులో సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు ఉంటాయి. 1954–55 ఖాస్రా పహాణీలో పట్టాదారుతో పాటు సాగులో ఉన్నవారి వివరమూ దొరుకుతుంది. పట్టాదారు చనిపోయాక జరిగే విరాసత్ మార్పిడిలో వారసులెవరో తెలుస్తుంది. పాత పత్రాలు ఉర్దూలో ఉంటాయి కనుక ఆ లిపి చదవగల పెద్దమనిషి సాయం తీసుకోవాలి. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారంలో (స్టేట్ ఆర్కైవ్స్) పర్షియన్, ఉర్దూ దస్తావేజులు భారీగా ఉన్నాయి.

ఈ కాగితాల్లో పెద్ద లోటు ఆడవాళ్ల పేర్లు. భూమి ఎక్కువగా మగవారి పేరిట ఉండటంతో అవ్వలు, ముత్తవ్వలు పట్టాల్లో అరుదుగానే కనిపిస్తారు. భూమి లేని కూలీలు అసలే కనిపించరు. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చినా చాలాకాలం పల్లె కాన్పులు నమోదు కాలేదు. ఆ ఖాళీని బడి అడ్మిషన్ రిజిస్టరు కొంత పూడుస్తుంది. అక్కడి పుట్టిన తేదీ చాలాసార్లు సారు అంచనాగా వేసినదే గనుక, తండ్రి పేరుకు దాన్ని నమ్మినంతగా తేదీకి నమ్మకూడదు.

ఉచిత ఆన్‌లైన్ కోర్సులు

స్కాట్లండ్‌లోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయం ఫ్యూచర్‌లెర్న్ వేదికపై వంశావళి పరిశోధన మీద ఆరు వారాల ప్రాథమిక కోర్సు నడిపింది. అమెరికాలోని బ్రిగం యంగ్ విశ్వవిద్యాలయం కుటుంబ చరిత్ర మీద ఉచిత పాఠాలు అందించింది. 1894లో యూటాలో మొదలైన సంస్థకు వారసత్వంగా నడుస్తున్న ఫ్యామిలీసెర్చ్‌లో పాఠాలు, రికార్డులు రెండూ ఉచితం. హరిద్వార్ పండాలు యాత్రికుల వంశాలను రాసుకున్న బహీల ప్రతులు కూడా అందులో ఉన్నాయి. జన్యుశాస్త్రపు పునాది కావాలనుకునేవారికి 2017 జులైలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన స్వయం వేదిక ఉంది. అందులో పాఠాలు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటే రుసుము కట్టాలి. డీఎన్‌ఏ వంశావళికి 2005లో ఏర్పడిన అంతర్జాతీయ జన్యు వంశావళి సంఘం ఉచిత సమాచారం అందిస్తుంది.

ఈ కోర్సులన్నింటి సారం ఒక ప్రమాణంలో ఇమిడి ఉంది. దొరకగల ఆధారాలన్నీ వెతకాలి. ప్రతి మాట ఎక్కడిదో రాసుకోవాలి. ఆధారాలను పక్కపక్కన పెట్టి పోల్చాలి. ఒకదానికొకటి పొసగనప్పుడు ఎందుకో తేల్చాలి. చివరికి నిర్ణయాన్ని కారణాలతో కాగితం మీద పెట్టాలి. డక్కలి పాటకైనా పహాణీకైనా ఇదే తూకం.

డీఎన్‌ఏ ఏం చెబుతుంది

వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి వెళుతుంది. తెలుగువారి ఇంటిపేరు నడిచే దారీ అదే. అందుకే ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాలు ఒకే మూలపురుషుడి సంతానమా అన్నది వై పరీక్షతో పోల్చి చూడవచ్చు. దత్తత జరిగిన చోట, ఇల్లరికపు అల్లుడి పిల్లలు తాత ఇంటిపేరు తీసుకున్న చోట ఆ రెండు దారులు విడిపోతాయి. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి బిడ్డలందరికీ వస్తుంది. దాన్ని ముందుకు మోసేది ఆడపిల్లలే. పట్టాల్లో పేరు లేని ముత్తవ్వ ఆనవాలు ఇక్కడ చెక్కుచెదరకుండా ఉంటుంది. అయితే భారతీయుల్లో సగానికి పైగా ఎం అనే ఒకే పెద్ద తల్లిశాఖకు చెందుతారు. అది వేల ఏళ్ల నాటి ముచ్చట చెబుతుంది, అవ్వ పుట్టిన ఊరు చెప్పదు.

దగ్గరి చుట్టరికానికి పనికొచ్చేది మిగతా క్రోమోజోమ్‌లను చూసే ఆటోసోమల్ పరీక్ష. తల్లిదండ్రులతో 50 శాతం, తాత, అవ్వలతో సగటున 25, మేనబావ మేనమరదళ్లతో 12.5, రెండో తరం వరుసవాళ్లతో 3.125 శాతం పోలిక ఉంటుంది.

మేనరికం చిక్కు

ఈ అంకెలు దగ్గరి చుట్టాల మధ్య పెళ్లిళ్లు లేని సమాజాలకు సరిపోతాయి. తెలుగు కుటుంబాల్లో లెక్క మారుతుంది. ఒకతను తన అక్క బిడ్డను చేసుకున్నాడనుకుందాం. వారికి పుట్టిన పాపకు తండ్రి వైపు తాత, అవ్వ ఎవరో, తల్లి వైపు ముత్తాత, ముత్తవ్వ కూడా వారే. కాగితం మీద గీస్తే రెండు కొమ్మలు ఒకే మొదట్లో కలుస్తాయి. ఆ తాత నుంచి పాపకు సగటున 25 శాతం బదులు 37.5 శాతం వారసత్వం వస్తుంది. మేనబావను చేసుకున్న జంట పిల్లలకు ముత్తాతలు, ముత్తవ్వలు కలిపి ఎనిమిది మందికి బదులు ఆరుగురే ఉంటారు. ఇలా తరతరాలు జరిగిన చోట పరీక్ష నివేదిక ‘రెండో తరం చుట్టం’ అని చూపినవాళ్లు అసలు నాలుగైదు దారుల్లో దూరపు చుట్టాలు కావచ్చు. అందువల్ల ఇక్కడ నివేదిక ఇచ్చిన వరుసను యథాతథంగా వంశవృక్షంలో ఎక్కించకూడదు.

కులంలోపలి పెళ్లిళ్ల చరిత్ర ఇంకా పాతది. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందం 2009లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన, భారతీయుల్లో ఎక్కువమంది రెండు ప్రాచీన జనసమూహాల కలయిక అని చూపింది. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా సాగి, తర్వాత ఎవరికి వారు లోపలే పెళ్లిళ్లు చేసుకోవడం బలపడిందని 2013 నాటి పరిశోధన లెక్కగట్టింది. దీనికి ఆరోగ్యపు కోణమూ ఉంది. ఆర్యవైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ సమయంలో కండరాలు వదులయ్యేందుకు ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందు ఒంట్లో త్వరగా విచ్ఛిన్నం కాదు. ఇంట్లో ఒకరికి అలా జరిగిందని వంశవృక్షంలో రాసి ఉంటే, అది చుట్టాలందరికీ ముందస్తు హెచ్చరిక.

వలస వెళ్లినవారు

మారిషస్, నేటాల్, ఫిజీలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారి మనవలకు ఓడ జాబితాలే ఆధారం. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి నేటాల్‌లోని డర్బన్ చేరింది. నేటాల్ జాబితాల్లో కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటి మీది గుర్తుల దాకా రాశారు. మారిషస్ రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. ఈ కూలీలు ఎక్కువగా బ్రిటిష్ మద్రాసు జిల్లాలవారు. గుంపు మేస్త్రీ వెంట ఆనకట్టలకు, రోడ్డు పనులకు దేశమంతా తిరిగిన పాలమూరు కూలీలకు అలాంటి జాబితా చాలామట్టుకు లేదు. ఎవరు ఎక్కడ పనిచేశారో, ఎవరి బిడ్డ ఏ డేరాలో పుట్టిందో వారి నోటి నుంచే వినాలి. ఆ కష్టం చరిత్రకెక్కాలంటే ఇంటివాళ్లే రాయాలి.

వలస వెళ్లినవారి ఆనవాళ్లు జన్యు సమాచారంలోనూ ఉన్నాయి. బ్రిటన్‌లో స్థిరపడిన 102 మంది తెలుగువారి నమూనాలు వెయ్యి జన్యుపటాల ప్రాజెక్టులో ఉన్నాయి. 2015లో వెలువడిన తుది ఫలితాల్లోని 26 జనసమూహాల్లో అదొకటి. స్వదేశంలో ఉన్నవారి విషయానికొస్తే, 2025 జనవరిలో విడుదలైన జీనోమ్ ఇండియా సమాచారం పది వేల మంది భారతీయులది.

చట్టం, గోప్యత

ఒకరి డీఎన్‌ఏలో తోబుట్టువులు, పిల్లలు, చుట్టాల సంగతీ ఉంటుంది. అందుకే ఇంట్లోవాళ్లకు చెప్పి, వారి ఇష్టం తెలుసుకున్నాకే పరీక్షకు ఇవ్వాలి. 2023లో డీఎన్‌ఏ పరీక్షలు చేసే 23అండ్‌మీ సంస్థ నుంచి సుమారు 69 లక్షల మంది సమాచారం బయటికి పొక్కింది. 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. భారతదేశంలో పిల్లల తండ్రిత్వాన్ని తేల్చేందుకు కోర్టులు రక్త పరీక్షను మామూలుగా ఆదేశించకూడదని 1993లో గౌతమ్ కుందు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

పాలమూరులో తండ్రిత్వం అన్న మాటకు ఒక బరువుంది. ఆడపిల్లలను దేవతకు అంకితం చేసే జోగిని ఆచారాన్ని 1988 చట్టం నిషేధించింది. జోగినులైన తల్లుల పిల్లలు బడి ఫారంలో తండ్రి పేరు గడి ముందు ఆగిపోయారు. వారి వంశవృక్షం తల్లి పేరుతో మొదలైతే అందులో లోటేమీ లేదు. తండ్రి ఎవరో తెలుసుకోవాలా వద్దా అన్న నిర్ణయం పూర్తిగా ఆ పిల్లలదే.

పని క్రమం

ముందు నోటి మాట, తర్వాత కాగితం, ఆ తర్వాతే డీఎన్‌ఏ. ఈ వరుసకు కారణముంది. సేత్వారు వచ్చే ఏడూ దొరుకుతుంది. అవ్వ డీఎన్‌ఏలో సుమారు నాలుగో వంతు మనవరాలిలో ఉంటుంది. అవ్వకు మాత్రమే తెలిసిన పేర్లు ఆమెతోనే పోతాయి. పెత్రమాస నాడు ఆమె పలికే పేర్లను ఫోనులో రికార్డు చేసి, తేదీ, ఊరు, చెప్పినవారి పేరు రాసి పెట్టుకుంటే కోర్సులోని మొదటి పాఠం పూర్తయినట్టే.