శాంపిల్‌ను ముక్కలు చేసే పద్ధతులు

రికార్డు చేసిన ధ్వనిని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగాన్ని ఒక్కో ప్యాడ్‌కో మీటకో అప్పగించి వాయించే ప్రక్రియను స్లైసింగ్ అంటారు. చాపింగ్ అన్నా ఇదే. శాంపిలర్ అనే యంత్రం ఈ పనికి ఆధారం. తాటిపాక, రాజోలు, అమలాపురం ప్రాంతంలో పెళ్లిళ్లకూ తీర్థాలకూ పాడే ఆర్కెస్ట్రాల్లో ‘ప్యాడ్’ వాయించే కళాకారుల యంత్రాలదీ ఈ కుటుంబమే. యంత్రం ఏదైనా కత్తిరింపు ఎక్కడ పడాలన్నదే అసలు ప్రశ్న. డెబ్బై ఏళ్లకు పైబడిన ఈ విద్య చరిత్ర అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

పారిస్ రేడియోలో పనిచేసిన పియర్ షేఫర్ 1948లో గంట శబ్దం మీద ఒక ప్రయోగం చేశాడు. గంటను కొట్టిన తొలి క్షణాన్ని తీసేసి, మిగిలిన మోతను మాత్రమే వినిపించాడు. అది గంటలా కాక ఊదే వాద్యంలా వినబడింది. ఒక ధ్వని ఏ వాద్యానిదో చెవికి చెప్పేది చాలావరకు దాని తొలి దెబ్బేనని అలా తేలింది. స్లైసింగ్‌కు నేటికీ ఇంతకంటే ముఖ్యమైన పాఠం లేదు. ముక్క మొదలు కాస్త ఆలస్యమైతే డప్పు డప్పులా మోగదు. టేపు వచ్చాక బ్లేడుతో కోసి అతికించడం అలవాటైంది. ఏటవాలుగా కోస్తే అతుకు మెత్తగా కలుస్తుందనీ, నిట్టనిలువుగా కోస్తే దెబ్బ పదునుగా వస్తుందనీ ఎడిటర్లు చేత్తోనే నేర్చుకున్నారు.

1979లో సిడ్నీలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ రూపొందించిన ఫెయిర్‌లైట్ సీఎంఐ డిజిటల్ శాంప్లింగ్‌ను సంగీతకారుల చేతికిచ్చింది. అయితే దాని ధర కొద్దిమందికే అందేది. స్లైసింగ్ ఒక కళగా ఎదిగింది 1987 నాటి ఈ-మ్యూ ఎస్‌పీ-1200, 1988లో రోజర్ లిన్ రూపకల్పన చేసిన అకాయ్ ఎంపీసీ-60 యంత్రాలతో. ఎస్‌పీ-1200 జ్ఞాపకంలో పట్టేది మొత్తం పది సెకన్ల ధ్వని. అందుకే న్యూయార్క్‌లో దాన్ని వాడిన కుర్రాళ్లు నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డును 45 చుట్ల వేగంతో తిప్పి లోపలికి ఎక్కించి, తర్వాత యంత్రంలో శ్రుతి దించేవారు. అలా పదమూడున్నర సెకన్లు పట్టేది. ఆ పేదరికమే వాళ్లకు పొదుపు నేర్పింది. పాటంతా పట్టదు కాబట్టి ఒక కిక్, ఒక స్నేర్, సగం తీగ మోత మాత్రం ఏరుకున్నారు. ఎంపీసీ నాలుగు వరుసల్లో అమర్చిన పదహారు ప్యాడ్‌లతో ఆ ముక్కలను వేళ్లతో వాయించే పద్ధతిని స్థిరపరిచింది.

ముక్కలైన ధ్వనుల్లో ప్రసిద్ధమైనది ‘ఆమెన్ బ్రేక్’. ది విన్‌స్టన్స్ బృందం 1969లో విడుదల చేసిన పాటలో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన సుమారు ఏడు సెకన్ల డ్రమ్స్ అది. 1990ల తొలినాళ్లలో ఇంగ్లండ్‌లో పుట్టిన జంగిల్ సంగీతం దాదాపు ఆ ముక్కల మీదే నడిచింది. కోల్‌మన్‌కు మాత్రం రాయల్టీ దక్కలేదు. ఆయన 2006లో ఇల్లులేని స్థితిలో మరణించాడు. గ్రామాల్లో డప్పు కళాకారుల వాద్యాన్ని రికార్డు చేసి శాంపిళ్లుగా వాడేవారు ముందుగా తెలుసుకోవలసిన కథ ఇది. వాయించిన చేతికి పేరు, ప్రతిఫలం రెండూ దక్కాలి.

కోయడానికి ఇప్పుడు మూడు దారులున్నాయి. మొదటిది సమభాగాలు. 120 టెంపోలో నాలుగు దెబ్బల ఆవృత్తం రెండు సెకన్లు. దాన్ని పదహారు ముక్కలు చేస్తే ఒక్కోటి 125 మిల్లీసెకన్లు వస్తుంది. చతురశ్రానికి ఇది చక్కగా సరిపోతుంది. ముమ్మూడుగా నడిచే తిశ్రగతి దరువును పదహారుగా కోస్తే కత్తి చాలాసార్లు దెబ్బ మధ్యలో పడుతుంది. దాన్ని ఆరుగానో పన్నెండుగానో కోయాలి. యంత్రం మొదట చూపే అంకెను తెలుగు వాద్యకారుడు అలాగే ఒప్పుకోకూడదు.

రెండోది దెబ్బను యంత్రమే కనిపెట్టడం. ప్రొపెల్లర్‌హెడ్ సంస్థ 1994లో తెచ్చిన రీసైకిల్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం దీనికి ప్రాచుర్యం కల్పించింది. ధ్వని హఠాత్తుగా పెరిగిన చోటల్లా అది గీత పెడుతుంది. తర్వాత ఇదే పని శాంపిలర్లలోకి దిగింది. డప్పు విషయంలో ఇక్కడో చిక్కుంది. కుడిచేతి సిర్ర దెబ్బ బలంగా ఉంటుంది, ఎడమచేతి సిటికెన పుల్ల దెబ్బలు సన్నగా దాని వెంట పరుగెడతాయి. సున్నితత్వం తక్కువ పెడితే పుల్ల దెబ్బలు లెక్కలోకి రావు. మరీ పెంచితే జనం కేకలకూ గీతలు పడతాయి.

మూడోది వింటూ చేత్తో గుర్తు పెట్టడం. మాడ్యులర్ సింథసైజర్లలో బిగించే శాంపిలర్ మాడ్యూళ్లు దీన్ని కొత్త మలుపు తిప్పాయి. 1990ల మధ్యలో డీటర్ డోప్ఫర్ స్థిరపరిచిన యూరోర్యాక్ కొలతల్లో ఇవి తయారవుతాయి. మేక్ నాయిస్ వారి మార్ఫాజీన్ సుమారు మూడు నిమిషాల ధ్వనిని పట్టుకుంటుంది, మోగుతుండగానే బటన్ నొక్కి మూడు వందల ముక్కల దాకా గుర్తించవచ్చు. ఏ ముక్క మోగాలో బయటి నుంచి వచ్చే వోల్టేజీ నిర్ణయిస్తుంది. 1010మ్యూజిక్ వారి బిట్‌బాక్స్‌లో ఆ గీతలను తెరమీద చూస్తూ జరపవచ్చు. ఎస్‌పీ-1200ను రూపొందించిన డేవ్ రోసమ్ కూడా అసిమిలేటర్ అనే ఎనిమిది చానళ్ల మాడ్యూల్‌తో ఈ రంగంలోకి తిరిగి వచ్చాడు.

తెలుగు ఆర్కెస్ట్రాల ప్యాడ్ వేరే దారిలో వచ్చింది. 1985 నాటి రోలాండ్ ఆక్టాప్యాడ్‌కు సొంత ధ్వనులే లేవు, అది ఇతర యంత్రాలను మోగించేది. తర్వాతి ఎస్‌పీడీ-20లో ధ్వనులు సిద్ధంగా వచ్చాయి. 2011 నాటి ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్ తొమ్మిది ప్యాడ్‌ల మీద సొంత రికార్డింగులు వేసుకునే వీలునూ, పొడవైన ధ్వనిని ముక్కలు చేసే చాప్ సదుపాయాన్నీ ఇచ్చింది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో వినబడే డప్పుల మోతను ఊరి వేదిక మీద వాయించుకోవడానికి ఇది అనువైన సాధనం.

సన్నాయికి మాత్రం చేతి గుర్తే శరణ్యం. దానిలో దెబ్బ లేదు, స్వరం నుంచి స్వరానికి గమకం జారుతూ పోతుంది, వెనక శ్రుతి ఆగదు. తరంగం సున్నా గీత దాటే చోట కోయకపోతే ‘టిక్’ మంటుంది. అందుకే ముక్కకు రెండు చివర్లా ఐదు నుంచి పది మిల్లీసెకన్ల ఫేడ్ పెడతారు. గమకాన్ని మధ్యలో తెంచితే రాగం చెదురుతుంది కాబట్టి, స్వరం నిలిచిన తావు చూసి గీత పెడతారు.